హిసార్ ద్వారం నుంచి నెబెట్ గుట్ట దాకా

మా పక్కింటి జోర్కా అక్క ఏం చెప్పినా సగం తీసేసి వినాలి. ఆ మిగిలిన సగం కూడా ఆమెది కాదు, కూరగాయల కొట్టావిడ దగ్గర విన్నది. కొట్టావిడకు చెప్పింది చెప్పులు బాగుచేసే పెంచో పెళ్ళాం. ఇన్ని నోళ్ళు తిరిగి జూలైలో ఒక పొద్దున మా వంటింట్లోకి వచ్చిపడిన మాట ఏమిటంటే, గోడల మీద మా అమ్మాయి చావు కాగితాల్ని గీకేస్తున్నది మా కింది వాటా మెతోది అని.

“హిసార్ ద్వారం దగ్గర చూశారటే దోన్కా! చేతిలో చాకు, తెల్లచొక్కా, వంగిన వీపు. మొహం కనిపించలేదట గానీ ఇంకెవడుంటాడు? వాడి అంజూరపు కొమ్మ మీ కిటికీకి అడ్డమొస్తోందని కొట్టించారుగా, ఆ పగ. పగ ఉంటే బతికున్నవాళ్ళ మీద తీర్చుకోవాలి గానీ పోయిన పిల్ల మీదా?”

నేను మిరపకాయలు కడుగుతున్నదాన్ని కడుగుతూనే ఉన్నాను. లోపల మాత్రం నిప్పు అంటుకుంది.

మా ఊరు ప్లోవ్దివ్‌లో మనిషి పోతే అయినవాళ్ళు ముందు అచ్చుకొట్టుకి వస్తారు, ఆ తర్వాతే చర్చికి. ఇరవై ఏళ్ళుగా ఆ కొట్టులో అక్షరాలు కూర్చేదాన్ని నేనే. పైన శిలువ, కింద ఫొటో, పేరు, వయసు, రెండు ముక్కల ఏడుపు. గుమ్మానికి, చెట్టుకి, బస్సు ఆగే చోట, నలుగురూ నడిచే గోడకి అతికిస్తారు. పోయినప్పుడొకటి, నలభయ్యో రోజుకొకటి, మూడు నెలలకి, ఆరు నెలలకి, ఏడాదికి ఒక్కొక్కటి. వచ్చే ఫొటోలన్నీ ఎవరి పెళ్ళిలోనో తీసినవే. కత్తిరించినా పక్కన ఇంకొకరి భుజం మిగిలిపోతుంది. అతికించిన కాగితాన్ని వాన తియ్యాలి, ఎండ తియ్యాలి. మనిషి చెయ్యి పెట్టకూడదు. పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి.

మా యానిత్సా మే నెలలో పోయింది. ఇరవై మూడేళ్ళు. మూడు రోజుల జ్వరం. నాలుగో రోజు డాక్టరు గదిలోంచి బయటికొచ్చి కళ్ళజోడు తీశాడు. అంతకంటే చెప్పలేను. దాని కాగితం నేనే కూర్చాను. ఫొటోలో పక్కన మిగిలిన భుజం వాళ్ళ నాన్న ల్యుబెన్‌ది. దాన్ని కత్తిరించబుద్ధి కాలేదు.

ల్యుబెన్ బడిలో చరిత్ర చెబుతాడు. ఎండాకాలం సెలవుల్లో ఊరు చూడ్డానికొచ్చినవాళ్ళని పాతపేటంతా కాలినడకన తిప్పి చూపిస్తాడు. ఈ ఏడు మానేస్తాడనుకున్నాను. మానలేదు సరికదా, శని ఆదివారాలకి తోడు బుధవారం కూడా కలుపుకున్నాడు. ఇంట్లో ఉప్పు అందించమనడానికి కూడా నోరు పెగలని మనిషి బయట నాలుగేసి గంటలు ఏం మాట్లాడతాడో నాకు అంతుపట్టలేదు.

జోర్కా అక్క మాట విన్న ఆ మధ్యాహ్నమే మెతోది మీదికి వెళ్ళాను. పెరట్లో టమాటా మొక్కలకి నీళ్ళు పెడుతున్నాడు.

“మెతోది అన్నా, కోపముంటే నా మొహాన ఉమ్మెయ్. పిల్ల మొహం మీద చాకు పెట్టకు.”

అతనికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గొట్టం చేతిలోంచి జారింది.

“ఏమన్నావూ?”

“హిసార్ దగ్గర చూసినవాళ్ళున్నారు.”

“నా ముసలిది పోయి ఆరేళ్ళు. గుమ్మం మీద దాని కాగితం చూశావా? ఎండకి అక్షరం పోయింది, మొహం పోయింది. ఉత్త తెల్లకాగితం. అయినా చెయ్యి వెయ్యలేదు నేను. రోజూ దాని ముందునుంచేగా నడుస్తావు?”

“నడుస్తాను.”

“నడుస్తూ కూడా ఈ మాట అనడానికొచ్చావు. పో, దోన్కా. పోయి నీ పని చూసుకో.”

నీళ్ళు పారి పారి నా చెప్పులు తడిశాయి. గొట్టం తీయడానికి ఇద్దరిలో ఎవరమూ వంగలేదు. తర్వాత నేను తప్పు ఒప్పుకున్నాను. “సరేలే” అన్నాడు. కానీ ఏటా మొదటి కాపు అంజూరాలు గిన్నెలో పోసి మా మెట్ల మీద పెట్టే మనిషి, ఆ ఏడాది నుంచి పెట్టలేదు.

కిటికీలోంచి అంతా విన్న ల్యుబెన్ రాత్రి భోజనం దగ్గర చెంచా కింద పెట్టాడు.

“వదిలెయ్. ఎన్నిసార్లని అతికిస్తావు?”

“చింపినన్నిసార్లు.”

“అది లేకపోతే ఎవరికేం నష్టం?”

“పిల్లకి నష్టం. జనం చదవాలి, చదివి దేవుడు మన్నించుగాక అనాలి. ఎంతమంది అంటే దానికి అంత తేలిక.”

“పొగాకు పల్లె మాటలు,” అన్నాడు. పెళ్ళైన కొత్తలో ఈ మాట నవ్వుతూ అనేవాడు. నేను పుట్టింది కొండల కింద పొగాకు పండే ఊళ్ళో, అతను పుట్టింది ఈ పాతపేట రాళ్ళ మీద. ఇప్పుడు నవ్వలేదు. వెళ్ళి బాల్కనీలో చీకటి వైపు తిరిగి నిలబడ్డాడు.

ఆగస్టులో మూడు నెలలు నిండాయి. “నువ్వు లేని మూడు నెలలు” అని నలభై కాగితాలు వేశాను. అతికించే ముందు, పాతవి ఎక్కడెక్కడ మిగిలాయో చూసుకుంటూ ఊరంతా తిరిగాను. బజారులో ఉంది. వంతెన దగ్గర ఉంది. బస్సు స్టాండులో, బడి గోడ మీద, మా గుమ్మం మీద చెక్కుచెదరకుండా ఉన్నాయి. లేనివల్లా ఒక్క దారి పొడుగునే. మసీదు చౌకు, హిసార్ ద్వారం, రోమన్ల రంగస్థలం మెట్లు, అక్కణ్ణుంచి పైకి. ఆ నున్నటి రాళ్ళ ఎత్తు మెతోది మోకాళ్ళతో ఎక్కేది కాదు. రెండు మెట్లెక్కితేనే ప్రభుత్వాన్ని తిట్టే మనిషి. ఇది నాకు జూలైలోనే తట్టాల్సింది. కోపంలో ఉన్నదానికి ఏం తడుతుంది!

శుక్రవారం సాయంత్రం ఆ దారంతా కొత్తవి అతికించాను. శనివారం తెల్లారగానే నది వైపు మెట్లెక్కి, ఎప్పుడూ అతికించని చోట, నెబెట్ గుట్ట కొసన కరెంటు స్తంభానికి ఒకటి అతికించాను. యానిత్సా స్నేహితుల్ని వేసుకుని ఆ గుట్ట మీది పాత శిథిలాల మీద కూర్చుని పాడేది. కింది ఇళ్ళవాళ్ళు కిటికీలు తెరిచి తిట్టేవాళ్ళు. తర్వాత వెనకవైపు నుంచే దిగి, హిసార్ ద్వారానికి ఎదురుగా ఒక పాత ఇంటి గుమ్మంలో తలకి గుడ్డ కట్టుకుని నక్కాను. వచ్చేవాడెవడో చూసి, వాడి చాకు లాక్కుని వాడి మొహానే గీరేద్దామన్నంత కసి మీదున్నాను.

ఏడున్నరకి ల్యుబెన్ వచ్చాడు.

తెల్లచొక్కా, నేను ఇస్త్రీ చేసిందే. వీపు ఎప్పుడు అంత వంగిపోయిందో నేను చూసుకోలేదు. సీసాలోంచి నీళ్ళు తీసి కాగితం మీద చల్లాడు. నానేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు. అరచేత్తో మెల్లగా రుద్ది, చాకు మొన అంచు కిందికి పోనిచ్చాడు. గీకుతున్నాడన్నారే, అది గీకడం కాదు. ఒకరి ఒళ్ళో నిద్రపోతున్న పిల్లని లేవకుండా మన ఒళ్ళోకి తీసుకుంటామే, అలా తీశాడు. కాగితం చిరగకుండా మొత్తంగా వచ్చింది. మడత మొహం మీద పడకుండా మడిచి, లోపలి జేబులో పెట్టుకుని, తర్వాతి గోడకి నడిచాడు.

నేను బయటికి రాలేదు. దూరంగా వెనకే నడిచాను.

మసీదు చౌకులో అతని కోసం బుర్గాస్ నుంచి వచ్చిన పింఛనుదారుల సంఘం కాచుకుని ఉంది. ఇరవై రెండు మంది. టోపీలు, చేతిసంచులు, ఆ సంచుల్లో ఉడకబెట్టిన గుడ్ల వాసన. నేను వెళ్ళి వెనక వరసలో నిలబడితే, గడ్డిటోపీ పెట్టుకున్న ఒక పొట్టి ముసలావిడ మోచేత్తో పొడిచింది.

“నువ్వు మాతో రాలేదే?”

“లేదమ్మా. ఊరికే...”

“ఊరికే అయితే రా. ఇరవై రెండుకీ ఇరవై మూడుకీ ఏం తేడా? నా పేరు రుసానా. ఎండ చంపేస్తుంది, ఇది పెట్టుకో,” అని సంచిలోంచి ఇంకో టోపీ తీసి నా తల మీద బోర్లించింది.

నడక మొదలైంది. మా దేశంలో మనుషులు ఏ ఊరు వెళ్ళినా కళ్ళు ముందు గోడ మీది కాగితాలకే పోతాయి. ఒక పక్క ల్యుబెన్ రాజుల సంగతి చెబుతుంటే ఇంకో పక్క రుసానా చదువుకుంటూ వస్తోంది.

“ఈయనకి తొంభై ఒకటి. బాగానే తిన్నాడు. ఈవిడకి యాభై. అయ్యో. దేవుడు మన్నించుగాక.”

పక్కనే మరో రెండు నోళ్ళు “మన్నించుగాక” అన్నాయి. ఇలా చదివేవాళ్ళుంటారనేనా ఈ మనిషి పొద్దున్నే వచ్చి తీసేస్తున్నాడు అని నాకు తట్టింది. వీళ్ళు చదవకూడనిది ఏముందో మాత్రం తట్టలేదు. హిసార్ ద్వారం కింద ఆగాక అదీ తెలిసింది.

“జాగ్రత్తమ్మా, ఈ రాళ్ళు ఎందరినో పడేశాయి,” అన్నాడు ల్యుబెన్. మూడు నెలలుగా నేను వినని గొంతు అది. “మా అమ్మాయి ఐదేళ్ళప్పుడు ఇక్కడే జారి పై పన్ను విరగ్గొట్టుకుంది. ఇప్పటికీ నవ్విందంటే ఆ సందు కనిపిస్తుంది.”

“ఏం చేస్తోంది మాస్టారూ మీ అమ్మాయి?”

“పాడుతుంది. వర్నాలో, ఒపేరా బృందంలో. నిలబెట్టేది చివరి వరసలోనే గానీ, దాని గొంతు ముందు వరసకి వినిపిస్తుంది.”

వర్నా నుంచి ఉత్తరం వచ్చిన మాట నిజం, ఏప్రిల్‌లో. జూన్‌లో చేరాల్సింది. ఇతను చేర్చేశాడు.

“పెళ్ళయిందా?”

“లేదు. ఒకడున్నాడంటోంది. ట్రంపెట్ ఊదుతాడట. నాకు నచ్చలేదు.”

“ట్రంపెట్ ఊదేవాడితో కాపురమా! ఏడాదికి చెవులు పోతాయి,” అంది రుసానా. “నా మనవడున్నాడు మాస్టారూ, పళ్ళ డాక్టరు. ఆ పన్ను కూడా బాగుచేసి పెడతాడు!”

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వాక కోపం వచ్చింది. ట్రంపెట్ వాడి సంగతి నాకెందుకు చెప్పలేదు ఇతను? నాతో ఒక్క మాట అనకుండా, నా కూతుర్ని ఉద్యోగంలో చేర్చి, ప్రేమలో పెట్టి, వారానికి మూడు రోజులు ఈ రాళ్ళ మీద ఊరివాళ్ళు కానివాళ్ళకి చూపించుకుంటున్నాడు. నాకు మిగిల్చింది గుమ్మం మీది కాగితం. ఆ కాగితం నేనే వేసుకున్నది.

రంగస్థలం పైమెట్టు మీద నిలబడి చెబుతున్నప్పుడు అతని చూపు నా టోపీ మీద ఆగింది. ఒక మాట తప్పిపోయింది. జనం ఎదురుచూశారు. పారిపోతాడనుకున్నాను. పారిపోలేదు.

“మొండిది,” అన్నాడు, నన్నే చూస్తూ. “పాట రాకపోతే తెల్లవార్లూ కూర్చునేది కాదు... కూర్చుంటుంది. వాళ్ళమ్మ పోలిక.”

రుసానా నా వైపు తిరిగింది. “నీకెందరమ్మా పిల్లలు?”

“ఒక్కతే కూతురు.”

“ఎక్కడుంది?”

నిజం నోటి చివరిదాకా వచ్చింది. “వర్నాలో,” అన్నాను. “పాడుతుంది.”

ముసలావిడ నన్ను చూసింది, అతన్ని చూసింది. తొడ చరుచుకుంది. “ఓసి దొంగదానా! మాస్టారు నీ మొగుడా? పొద్దుట్నుంచీ కుక్కలా వెనకాలే వస్తూ ఒక్క ముక్క చెప్పవేం? ఒరేయ్ పింఛనుగాళ్ళూ, ఇటు రండి, తల్లి దొరికింది!”

ఇక నన్ను వదల్లేదు. మధ్యాహ్నం ఒక చెట్టు కింద గుడ్లు, జున్ను, దోసకాయ ముక్కలు వేసిన చల్లటి పెరుగు పెట్టుకుని చుట్టూ కూర్చున్నారు. చుట్టుపక్కల పెరళ్ళలో మిరపకాయలు కాలుస్తున్న వాసన. ఎవరో అడిగారు, పిల్ల తిండి సరిగ్గా తింటుందా అని.

“బెండకాయ ముట్టదు,” అన్నాను నేను.

“తింటుంది,” అన్నాడు ల్యుబెన్. “నువ్వు చూడనప్పుడు.”

“నేను చూడనప్పుడు ఎవరు వండి పెట్టారట?”

“నేను వండాను. నువ్వు మీ ఊరు పొగాకు కోతకి వెళ్ళినప్పుడు.”

“అబద్ధం. నువ్వు గుడ్డు ఉడకబెడితే గిన్నె మాడుతుంది.”

“మాడింది. మాడిన బెండకాయే తింది. అందుకే నీకు చెప్పలేదు మేం.”

జనం పడీపడీ నవ్వుతున్నారు. ‘మేం’ అన్న ఆ మాట దగ్గర నాకు కళ్ళు మండాయి, పెరుగు గిన్నెలోకి మొహం దించుకున్నాను. మే నెలలో దాన్ని మట్టిలో పెట్టిన తర్వాత మేమిద్దరం ఇన్ని మాటలు మాట్లాడుకోవడం అదే మొదలు. దాని చలికాలపు కోటు రంగు గురించి పోట్లాడుకున్నాం. పళ్ళ డాక్టరు ఫొటో చూసి చెవులు పెద్దవన్నాను. రుసానా అలిగింది. ఇంకో గంట అలా కూర్చోబెట్టమని ఎవరైనా అంటే ఉన్న ఇల్లు రాసిచ్చేదాన్ని.

“ఇక నెబెట్ గుట్ట ఒక్కటే మిగిలింది,” అని ల్యుబెన్ లేచాడు.

అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున నేను అతికించిన కాగితం. అక్కడ కూడా ఉంటుందని అతనికి తెలియదు.

“నేను ముందు నడుస్తాను, మీరు మెల్లగా రండి,” అని ఎత్తు ఎక్కాను. నడక పరుగైంది. గుట్ట కొసన ఎవరూ లేరు. స్తంభం మీద నా కూతురు, పక్కన వాళ్ళ నాన్న భుజం, కింద “నువ్వు లేని మూడు నెలలు”. గోళ్ళతో అంచు పట్టుకుని లాగాను. ఇరవై ఏళ్ళ పనితనం నాది. పిండి ఉడికించి కలిపిన జిగురు, ఎండకి బిగిసింది. నా చేతిలో నీళ్ళు లేవు, చాకు లేదు. ఒక మూల చిరిగి వచ్చింది. మళ్ళీ లాగాను. వేలి కొసన రక్తం వచ్చింది గానీ కాగితం రాలేదు. వెనక కర్రల చప్పుడు, ఆయాసాలు, మాటలు. స్తంభానికి వీపు ఆనించి నిలబడ్డాను.

అందరికంటే ముందు రుసానా వచ్చింది, రొప్పుతూ.

“కాస్త జరుగమ్మా. ఇక్కడెవరో ఉన్నారే, చూద్దాం.”

ఏం చెప్పి ఆపను? జరిగాను.

కళ్ళజోడు సర్దుకుని, పొద్దుట్నుంచీ చదివినట్టే పైకి చదివింది. “నువ్వు లేని మూడు నెలలు... యానిత్సా ల్యుబె...”

మా పేర్లలో పిల్లల పేరు పక్కన తండ్రి పేరు వస్తుంది. అక్కడ ఆగిపోయింది. మొహం ఫొటోకి దగ్గరగా పెట్టి, నవ్వులో పై పన్ను పక్కన సందు చూసింది. నా గోళ్ళు చూసింది. వెనక ఉన్నవాళ్ళలో చూపు ఆనినవాళ్ళు చదివారు. ఆననివాళ్ళకి పక్కవాళ్ళు చెవిలో చెప్పారు. ల్యుబెన్ అప్పుడే ఎత్తెక్కి వచ్చాడు. కాగితం స్తంభానికి అవతలి వైపు ఉంది. మాకందరికీ కనిపిస్తున్నది అతనికి కనిపించడం లేదు.

రుసానా గబగబా వచ్చి స్తంభానికి ఇవతల నిలబడింది. టోపీ తీసి చేత్తో పట్టుకుంది.

“మాస్టారూ,” అంది, “ఆ కింద పారే నది పేరేమన్నారు?”

పుట్టి బుద్ధెరిగిన వాడెవడూ ఈ దేశంలో ఆ నది పేరు అడగడు.

“మరిత్సా,” అన్నాడు ల్యుబెన్.

“ఎంత లోతుంటుంది?” అన్నాడు ఒక ముసలాయన. “చేపలుంటాయా?” అంది ఇంకొకావిడ. “వరదొస్తే ఎందాకా వస్తుంది?” ఒకరి తర్వాత ఒకరు అడుగుతూ అతన్ని స్తంభానికి ఎడంగా, గోడ చివరికి తీసుకుపోయారు. అతను చెయ్యెత్తి నది మలుపులు చూపిస్తున్నాడు. వింటున్నవాళ్ళలో సగం మంది నది వైపు చూడటం లేదు.

సెలవు తీసుకునేటప్పుడు ఒక్కొక్కరూ అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని వెళ్ళారు. టోపీ తిరిగి ఇవ్వబోతే రుసానా తీసుకోలేదు. నా చెవి దగ్గరకొచ్చి, “దేవుడు మన్నించుగాక తల్లీ,” అని, మిగతావాళ్ళని కేకలేసుకుంటూ దిగిపోయింది.

మేమిద్దరం శిథిలాల మీద కూర్చున్నాం. పొద్దు ఇంకా ఉంది. ల్యుబెన్ బూట్లు విప్పి కాళ్ళు చాపుకున్నాడు. మొహంలో కళ ఉంది. మే నెలకి ముందు ఉండేవాడే, ఆ మనిషి. అతన్ని అలా చూడటం అదే ఆఖరు. శీతాకాలం రాకముందే పెట్టె సర్దుకుని పాజార్జిక్‌లో వాళ్ళ అక్క దగ్గరికి వెళ్ళిపోయాడు.

“చూశావా,” అన్నాడు, “ఎవరికీ తెలియలేదు.”

నేను నది వైపు చూస్తున్నాను.

“ఆ బెండకాయ మాట భలే అందుకున్నావు. నేనొక్కణ్ణీ చెబితే ఇంతసేపు రాదు. తొందరగా అయిపోతుంది.” నా చెయ్యి పట్టుకున్నాడు, రక్తం ఎండిన వేలు గమనించకుండా. “రేపు షుమెన్ నుంచి ముప్పై మంది వస్తున్నారు. నువ్వు కూడా రా, దోన్కా. ఆ ట్రంపెట్ వాణ్ణి ఏం చేద్దామో ఇద్దరం ఆలోచించి చెబుదాం. వస్తావుగా?”

“రాను, ల్యుబెన్. అది చచ్చిపోయింది.”